పాలకొల్లు మాండలిన్, ఐదుగురి జాజ్ బృందం

విజయవాడలో నర్సాపురం వెళ్లే రైలెక్కితే గుడివాడ, కైకలూరు, ఆకివీడు, భీమవరం దాటాక పాలకొల్లు వస్తుంది. మన కాలేజీలో ఈ లైను మీది ఊళ్ల వాళ్లు చాలామందే ఉన్నారు. సంక్రాంతి సెలవులకి జనరల్ బోగీలో నిలబడి వెళ్లినవాళ్లకి ఈ స్టేషన్ల వరస కంఠతా వచ్చేసి ఉంటుంది.

ఈ లైను మీద ఒక పిల్లాడి కథ ఉంది. 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో పుట్టాడు. 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధన ఉత్సవాల్లో మొదటి కచేరీ చేశాడు. అప్పటికి తొమ్మిదేళ్లు. ఇంకో ఐదేళ్లకి, 1983లో, బెర్లిన్ జాజ్ ఫెస్టివల్లో వాయించాడు. అప్పటికి పద్నాలుగు. మనం ఆ వయసులో తొమ్మిదో తరగతి యూనిట్ టెస్టులు రాస్తున్నాం.

పేరు ఉప్పలపు శ్రీనివాస్. జనానికి మాండలిన్ శ్రీనివాస్.

నాకు ఈ పేరు ఇంట్లో తెలియలేదు. ఒక గిటార్ వీడియో చూస్తుంటే తెలిసింది. జాన్ మెక్‌లాఫ్లిన్ అనే ఇంగ్లండ్ జాజ్ గిటారిస్టు కోసం వెతికితే, ఆయన పక్కన చిన్న వాయిద్యం పట్టుకుని, నవ్వుతూ కూర్చున్న ఒకాయన కనిపించారు. కింద కామెంట్లన్నీ ఆయన గురించే. ఎవరా అని చూస్తే పాలకొల్లు! అమ్మమ్మకి ఫోన్ చేసి చెప్తే, "మాండలిన్ శ్రీనివాసేగా, ఆయన కచేరీలు మేం రేడియోలో వినేవాళ్లం, నీకు ఇప్పుడు తెలిసిందా" అంది. నిజమే, ఇప్పుడే తెలిసింది. మీలో కూడా చాలామందికి తెలిసుండదనే ధైర్యంతో ఈ వ్యాసం రాస్తున్నాను. ఇది ఆయన ఒక్కరి గురించే కాదు. ఆయన వాయించిన చిన్న జాజ్ బృందం గురించి, అందులో వాళ్లు ఎక్కడెక్కడి నుంచి వచ్చారు, కలిసి ఏం చేశారు, ఎలా చేయగలిగారు అన్నదాని గురించి.

ముందు, జాజ్ బృందం ఎలా పనిచేస్తుంది?

జాజ్ అనగానే మనకి సినిమాల్లో పెద్ద హోటల్, సాక్సోఫోన్, మసక లైట్లు గుర్తొస్తాయి. అవి పక్కన పెడదాం. చిన్న జాజ్ బృందం అంటే ముగ్గురు నుంచి ఐదారుగురు. కండక్టర్ ఉండడు. పాట మొత్తం ముందే రాసుకుని ఉండదు. మొదట ఒక ట్యూన్ అందరూ కలిసి వాయిస్తారు, దాన్ని హెడ్ అంటారు. తర్వాత ఒక్కొక్కరూ వంతులవారీగా ఆ ట్యూన్ ఆధారంగా అప్పటికప్పుడు అల్లుకుంటూ పోతారు. చివర్లో అందరూ మళ్లీ హెడ్‌కి వచ్చి ముగిస్తారు.

ఇది చదువుతుంటే కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్లకి "ఇది మా దగ్గరా ఉందిగా" అనిపిస్తుంది. కచేరీలో కీర్తన పాడాక ఒక లైను పట్టుకుని కల్పనస్వరాలు వేస్తారు. వేసిన ప్రతిసారీ ఆ లైనుకే తిరిగొస్తారు. పక్కన వయొలిన్ ఆయన అందుకుని తన వంతు వేస్తాడు. చివర్లో మృదంగం, ఘటం తని ఆవర్తనం. అంటే అస్థిపంజరం దాదాపు ఒకటే: తెలిసిన పాట, మధ్యలో మనోధర్మం, మళ్లీ తెలిసిన పాట.

తేడా ఎక్కడంటే కార్డ్స్ దగ్గర. జాజ్‌లో కింద మూడు నాలుగు స్వరాలు ఒకేసారి మోగే కార్డులు మారుతూ ఉంటాయి. పైన వాయించేవాడు ఆ మారే కార్డులకి తగ్గట్టు తన స్వరాలు మార్చుకోవాలి. కర్ణాటక సంగీతంలో కార్డులు లేవు. తంబుర శ్రుతి మొదటి నుంచి చివరి దాకా ఒకటే. జాజ్ వాయించడం కదిలే బస్సులో పట్టు తప్పకుండా నిలబడటం లాంటిది. కచేరీ చేయడం ఒకే అరుగు మీద కూర్చుని వచ్చేపోయే ఊరు మొత్తాన్ని చూడటం లాంటిది. రెండూ కష్టమే, కానీ వేరు వేరు కష్టాలు. అందుకే ఈ రెండిట్నీ కలపడం మాటల్లో చెప్పినంత తేలిక కాదు.

శక్తి: మొదటి విడత

జాన్ మెక్‌లాఫ్లిన్ 1942లో ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో పుట్టారు. 1969లో అమెరికా వెళ్లి మైల్స్ డేవిస్‌తో రికార్డు చేశారు. 'బిచెస్ బ్రూ' ఆల్బమ్‌లో ఒక ట్రాక్ పేరే 'జాన్ మెక్‌లాఫ్లిన్'. 1971లో మహావిష్ణు ఆర్కెస్ట్రా అని సొంత బృందం పెట్టారు. పేరు చూసి భజన బృందం అనుకోకండి, చెవులు చిల్లులు పడే ఎలక్ట్రిక్ బ్యాండు అది. పేరు, డబ్బు రెండూ వచ్చాయి.

అలాంటి మనిషి ఎలక్ట్రిక్ గిటార్ పక్కన పెట్టి నేల మీద కూర్చున్నారు. అమెరికాలోని వెస్లియన్ యూనివర్సిటీలో ఎస్. రామనాథన్ గారి దగ్గర వీణ నేర్చుకున్నారు. అప్పుడు పుట్టిన బృందమే శక్తి. వయొలిన్ ఎల్. శంకర్, తబలా జాకిర్ హుస్సేన్, ఘటం విక్కు వినాయక్‌రామ్, గిటార్ మెక్‌లాఫ్లిన్. డ్రమ్ సెట్టు లేదు, బేస్ గిటార్ లేదు, యాంప్లిఫయర్ల హోరు లేదు. 1975లో అమెరికాలో ఒక కాలేజీలో చేసిన కచేరీ రికార్డింగ్ 1976లో మొదటి ఆల్బమ్‌గా వచ్చింది. అదే ఏడాది 'ఎ హ్యాండ్‌ఫుల్ ఆఫ్ బ్యూటీ', 1977లో 'నేచురల్ ఎలిమెంట్స్'. మూడు ఆల్బమ్‌లతో మొదటి విడత అయిపోయింది.

ఇందులో ఒక చిన్న విషయం గమనించండి. కలిసింది తూర్పు, పడమర మాత్రమే కాదు. తబలా హిందుస్తానీ, ఘటం కర్ణాటకం. మన దేశంలోనే ఈ రెండూ పక్కపక్కన కూర్చోవడం అప్పట్లో అరుదు. వాళ్ల తాళాల పేర్లు వేరు, నోటితో చెప్పే పలుకులు వేరు. ఒక యార్క్‌షైర్ గిటారిస్టు మధ్యలో కూర్చుంటే మన ఉత్తరం, దక్షిణం కలిశాయన్నమాట.

పాలకొల్లు ఇంట్లో

ఇప్పుడు మళ్లీ మన లైను మీదికి వద్దాం. శ్రీనివాస్ నాన్నగారు సత్యనారాయణ గారు క్లారినెట్ వాయించేవారు. గోదావరి, కృష్ణా జిల్లాల్లో క్లారినెట్ కొత్త కాదు, పెళ్లి ఊరేగింపు బ్యాండు మేళంలో ముందు వినబడేది అదే. ఇంట్లో ఒక మాండలిన్ కూడా ఉంది. ఆరేళ్ల పిల్లాడు దాన్ని పట్టుకున్నాడు. పిల్లాడి చెయ్యి చూసి నాన్న తన గురువు రుద్రరాజు సుబ్బరాజు గారి దగ్గరే చేర్పించారు. సుబ్బరాజు గారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు.

అసలు మలుపు ఇక్కడ ఉంది. సుబ్బరాజు గారికి మాండలిన్ రాదు. ఆయన గాయకుడు. కాబట్టి "ఈ వేలు ఇక్కడ పెట్టు, ఆ తీగ అలా మీటు" అని చెప్పే అవకాశమే లేదు. గురువు పాడతారు, శిష్యుడు ఆ పాట మాండలిన్‌లో ఎలా వస్తుందో వెతుక్కోవాలి. కోడింగ్ భాషలో చెప్పాలంటే, సిలబస్ లేదు, ట్యుటోరియల్ లేదు, అవుట్‌పుట్ మాత్రం చూపించారు. ప్రోగ్రామ్ నువ్వే రాసుకో అన్నారు.

దీనివల్ల జరిగిందేంటంటే, ఆ పిల్లాడు మాండలిన్‌ని మాండలిన్‌లా నేర్చుకోలేదు. గొంతులా నేర్చుకున్నాడు. వాయిద్యం టెక్నిక్ ముందు వచ్చి పాట తర్వాత వస్తే ఆ పాట వాయిద్యానికి లొంగిపోతుంది. ఇక్కడ పాట ముందు వచ్చింది, వాయిద్యమే లొంగాల్సి వచ్చింది.

గుడివాడ కచేరీ తర్వాత కుటుంబం మద్రాసు వెళ్లింది. 1981 డిసెంబర్ సీజన్లో ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీలో మద్రాసులో ఆయన తొలి కచేరీ జరిగింది. పన్నెండేళ్ల పిల్లాడు, చేతిలో ఎవరూ కచేరీ వేదిక మీద ఊహించని వాయిద్యం. మాండలిన్‌లో కర్ణాటక సంగీతమేంటి అని సందేహించినవాళ్లు ఉన్నారు. ఆ సందేహం పూర్తిగా మూఢనమ్మకం కూడా కాదు. దాని వెనక ఒక నిజమైన సాంకేతిక సమస్య ఉంది.

ఫ్రెట్ల సమస్య

మాండలిన్ ఇటలీ వాయిద్యం. చిన్న శరీరం, పొట్టి మెడ, ఉక్కు తీగలు. మామూలు మాండలిన్‌లో ఎనిమిది తీగలు ఉంటాయి, కానీ జంటలుగా. అంటే నాలుగు జతలు. మెడ మీద దగ్గరదగ్గరగా ఫ్రెట్లు. మీటితే "టింగ్" మని మోగి వెంటనే ఆరిపోతుంది. అందుకే పాశ్చాత్య సంగీతంలో ఒక స్వరం నిలబెట్టాలంటే తీగని పైకి కిందికి గబగబా మీటుతూనే ఉంటారు.

కర్ణాటక సంగీతానికి ప్రాణం గమకం. స్వరం ఒకచోట నిలబడదు. పక్క స్వరం నుంచి జారుతుంది, ఊగుతుంది, ఇంకోదాన్ని తాకి వెనక్కి వస్తుంది. తోడి రాగంలో గాంధారాన్ని ఊపకుండా నిలబెట్టి పాడితే తెలిసినవాళ్లు చెవులు మూసుకుంటారు. ఫ్రెట్ అంటే మెట్టు: ఈ స్వరం, తర్వాత ఆ స్వరం. గమకం ఏటవాలు దారి. మన భాషలో ఫ్రెట్ డిజిటల్, గమకం అనలాగ్.

వీణకి కూడా మెట్లు ఉన్నాయి కదా అని అడగొచ్చు. ఉన్నాయి. కానీ వీణ తీగ పొడుగు ఎక్కువ, మెట్లు ఎత్తుగా మైనం మీద నిలబడి ఉంటాయి, తీగని పక్కకి బాగా లాగొచ్చు. మాండలిన్‌లో ఆ వెసులుబాటు తక్కువ. పైగా జంట తీగలు. రెండిట్నీ ఒకేలా లాగాలి, లేదంటే ఒకటి ఒక శ్రుతి, ఇంకోటి ఇంకో శ్రుతి పలుకుతాయి.

శ్రీనివాస్ చేసిన మార్పులు వినడానికి చిన్నవే. జంట తీగలు తీసేసి ఒంటి తీగలు పెట్టారు, నాలుగు బదులు ఐదు. దాంతో కింది స్థాయి స్వరాలకి చోటు వచ్చింది. ఎలక్ట్రిక్ మాండలిన్ తీసుకున్నారు, కాబట్టి మీటిన స్వరం ఆరిపోకుండా కాసేపు నిలబడుతుంది. ఒక్క మీటుతో వేలిని జార్చుకుంటూ నాలుగైదు స్వరాలు పలికించొచ్చు. మిగతాదంతా ఎడమ చెయ్యి చూసుకుంది.

సరదా ఏంటంటే, అవతలి వైపు నుంచి మెక్‌లాఫ్లిన్ కూడా ఇదే సమస్యతో కుస్తీ పట్టారు. పాత శక్తి కోసం ఆయన ప్రత్యేకంగా గిటార్ చేయించుకున్నారు. ఫ్రెట్ల మధ్య చెక్కని గుంటలుగా తొలిపించారు, తీగని లోతుగా నొక్కి వంచడానికి వీలుగా. అడ్డంగా తంబురలా మోగే అదనపు తీగలు కూడా పెట్టించారు. వీణ నేర్చుకున్న మనిషికి తట్టే ఆలోచన అది. అంటే యార్క్‌షైర్‌లో పుట్టినాయన గిటార్‌ని వీణ వైపు నెడుతున్నారు, పాలకొల్లులో పుట్టినాయన మాండలిన్‌ని గొంతు వైపు నెడుతున్నారు. ఇద్దరూ ఎప్పుడో ఒకప్పుడు కలవాల్సినవాళ్లే.

ఈ దారి శ్రీనివాస్‌తోనే మొదలు కాలేదని కూడా చెప్పాలి. వయొలిన్ కూడా పరాయి వాయిద్యమే. ఇప్పుడు అది లేకుండా కచేరీ ఊహించలేం. దాన్ని పక్కవాద్యం స్థానం నుంచి సోలో కచేరీ స్థాయికి తెచ్చినవాళ్లలో ముందు చెప్పుకునే పేరు మన ద్వారం వేంకటస్వామి నాయుడు గారిది. విజయవాడలో పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి దగ్గర పెరిగిన బాలమురళీకృష్ణ గారు పాటతో పాటు వయోలా కూడా వాయించేవారు. వాయిద్యం ఎక్కడ పుట్టిందన్నది మన వాళ్లకి ఎప్పుడూ పెద్ద అడ్డం కాలేదు. పాట సరిగ్గా వస్తుందా లేదా అన్నదే పరీక్ష.

ఐదుగురు, ఐదు దారులు

1997లో మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్ మళ్లీ కలిశారు. కొత్త పేరు రిమెంబర్ శక్తి. 1999లో వచ్చిన మొదటి ఆల్బమ్‌లో విక్కు వినాయక్‌రామ్ ఘటం, హరిప్రసాద్ చౌరాసియా వేణువు. ఆ తర్వాత శ్రీనివాస్, సెల్వగణేశ్ చేరారు. వాళ్ల నలుగురి కచేరీ రికార్డింగ్ 2000లో 'ది బిలీవర్' పేరుతో వచ్చింది. ఆపైన శంకర్ మహదేవన్ గొంతు తోడైంది. ఆ ఐదుగురే చాలామంది మనసులో ఉన్న రిమెంబర్ శక్తి.

ఒక్కొక్కరి కెరీర్ చూస్తే ఎవరూ ఒకే గుమ్మం నుంచి రాలేదని తెలుస్తుంది.

జాకిర్ హుస్సేన్ తబలా ఇంట్లోనే పుట్టారు. తండ్రి అల్లారఖా. శాస్త్రీయ కచేరీలు, సినిమాలు, అమెరికా రాక్ డ్రమ్మర్ మిక్కీ హార్ట్‌తో 'ప్లానెట్ డ్రమ్', ఏదీ వదల్లేదు. 2024 ఫిబ్రవరిలో ఒక్క రాత్రే మూడు గ్రామీలు అందుకున్నారు.

సెల్వగణేశ్ విక్కు వినాయక్‌రామ్ గారి అబ్బాయి. అంటే తండ్రి కూర్చున్న బృందంలోనే కొడుకు కూర్చున్నారు. కానీ ఘటంతో కాదు, ముఖ్యంగా కంజీరాతో. అరచేతిలో పట్టే చిన్న వాయిద్యం అది. దాన్నుంచి ఆయన డ్రమ్ సెట్టంత శబ్దం తీస్తారు. తమిళ సినిమాలకి సంగీతం కూడా చేశారు.

శంకర్ మహదేవన్ గురించి మన బ్రాంచ్ వాళ్లు కాలర్ ఎగరేసుకోవచ్చు. ఆయన చదివింది కంప్యూటర్ ఇంజనీరింగే. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, మానేసి, పాటలోకి వచ్చారు. 1998లో 'బ్రెత్‌లెస్'తో దేశమంతా తెలిసింది. మనకి తెలుగు సినిమా పాటల్లో బాగా తెలిసిన గొంతే. అయితే ఒక్క మాట, ఆయన ఉద్యోగం మానేశాక సంగీతం నేర్చుకోలేదు. చిన్నప్పటి నుంచి నేర్చుకున్నది చేతిలో ఉంది కాబట్టి మానేయగలిగారు. మా ఫ్రెండ్స్‌లో ఇద్దరు ఆయన పేరు చెప్పి సెమిస్టర్ ఎగ్గొట్టే ఆలోచనలో ఉన్నారు, వాళ్లకే ఈ వాక్యం.

ఇక శ్రీనివాస్. ఈ బృందం లేకపోయినా ఆయన కెరీర్ ఉంది. 1998లో పద్మశ్రీ వచ్చింది. కెనడా గిటారిస్టు మైఖేల్ బ్రూక్‌తో 1995లో 'డ్రీమ్' చేశారు. ఇంగ్లండ్ కంపోజర్ మైఖేల్ నైమన్‌తో 2003లో 'సంగం' వచ్చింది. తమ్ముడు రాజేశ్‌కి మాండలిన్ నేర్పించారు. ఆ రాజేశ్ తర్వాత మెక్‌లాఫ్లిన్ 'ఫ్లోటింగ్ పాయింట్' ఆల్బమ్‌లో వాయించారు. అన్నిటికన్నా ముఖ్యం, ప్రపంచమంతా తిరుగుతూ కూడా కర్ణాటక కచేరీ ఆపలేదు. సంగీత నాటక అకాడమీ 2009 సంవత్సరానికి అవార్డు ఇచ్చింది. ఫ్యూజన్ ఆయనకి రెండో ఇల్లు, మొదటి ఇల్లు ఎప్పుడూ తాళం వేసి లేదు.

లెక్క ఎక్కడ కలుస్తుంది?

రాగం ఒకరికి, కార్డులు ఇంకొకరికి. మరి వీళ్లంతా దేని మీద కలిశారు? ఎక్కువగా తాళం మీద. ఇది కొంచెం లెక్కల వ్యవహారం, కాబట్టి మనకి సులువే.

ఆది తాళం ఎనిమిది దెబ్బలు. ఒక్కో దెబ్బకి నాలుగు అక్షరాలు వేసుకుంటే ఒక ఆవర్తనానికి 32. ముగింపు దగ్గర వాయించే పలుకుని మూడుసార్లు చెప్తారు, మధ్యలో రెండు చోట్ల సమానమైన ఖాళీ ఉంచుతారు. మూడోసారి అయిపోగానే సరిగ్గా తాళం మొదటి దెబ్బ మీద పడాలి. దీన్నే ముక్తాయింపు అంటారు. మనం ఉపన్యాసాల్లో "ముక్తాయింపుగా ఒక మాట" అంటామే, ఆ మాటే.

పలుకు 8 అక్షరాలు, ఖాళీ 4 అనుకోండి: 8 + 4 + 8 + 4 + 8 = 32. పలుకు 10 అయితే ఖాళీ 1: 10 + 1 + 10 + 1 + 10 = 32. పలుకు 6 అయితే ఖాళీ 7: 6 + 7 + 6 + 7 + 6 = 32. మూడూ ఒకేచోట దిగుతాయి, కానీ వినడానికి మూడూ వేరు. మొదటిది నింపాదిగా వస్తుంది. రెండోది ఊపిరాడకుండా తోసుకొస్తుంది. మూడోదానిలో ఖాళీ పలుకు కన్నా పెద్దది కాబట్టి, అయిపోయిందేమో అనుకునేలోపు మళ్లీ మొదలవుతుంది. ఇదంతా మాడ్యులో 32 లెక్కే. తేడా ఏంటంటే వీళ్లు వేదిక మీద, రెండు వేల మంది ముందు, చెప్పుకోకుండా చేస్తారు.

తబలాలో కూడా ఇదే ఉంది, పేరు తిహాయి. అందుకే జాకిర్, సెల్వగణేశ్ భాషలు వేరైనా ఎక్కడ దిగాలో ఇద్దరికీ తెలుసు. గిటారిస్టు కూడా ఆ లెక్క నేర్చుకోక తప్పదు. మెక్‌లాఫ్లిన్ అది ఎంత దూరం నేర్చుకున్నారంటే, నోటితో తాళం పలికే కొన్నక్కోల్ మీద సెల్వగణేశ్‌తో కలిసి 2007లో ఒక పాఠాల డీవీడీయే తెచ్చారు. తకిట అంటే మూడు, తకధిమి అంటే నాలుగు. అక్కడి నుంచి మొదలు.

మరి కార్డుల గొడవ ఎలా తీరింది? ఎక్కువ భాగం మెక్‌లాఫ్లిన్ తగ్గారు. శ్రీనివాస్ రాగంలో ఉన్నప్పుడు గిటార్ గబగబా కార్డులు మార్చదు. ఒకటి రెండు పట్టి ఉంచుతుంది, లేదా అసలు మాట్లాడదు. తన వంతు వచ్చినప్పుడు మాత్రం జాజ్ స్వరాలు తెస్తుంది, అప్పుడు మాండలిన్ తగ్గుతుంది. బృందం అంటే అందరూ ఒకేసారి గొప్పగా వాయించడం కాదని ఇవి వింటుంటే అర్థమవుతుంది. ఎప్పుడు ఆగాలో తెలియడం సగం పని.

ఫ్యూజన్ అనే మాట

ప్రతి కాలేజీ ఫెస్టులో ఒక ఫ్యూజన్ ఐటమ్ ఉంటుంది. ఒక అన్నమయ్య కీర్తన, కింద గిటార్, మధ్యలో కొంచెం రాప్, చివర్లో డప్పు. నేను కూడా ఒకదానికి కీబోర్డు వాయించాను కాబట్టి ఎగతాళి చేసే హక్కు నాకు లేదు. ప్రేక్షకులు ఈలలు వేశారు. కానీ స్టేజి దిగాక ఆలోచిస్తే, ఆ కీర్తన ఏ రాగమో మాలో ఎవరికీ తెలియదు. గిటార్ వాయించినవాడికి కార్డులు ఫోన్‌లో చూసి వేయడమే వచ్చు. రెండు సగాలు కలిపితే ఒకటి అవుతుందనుకున్నాం, అవలేదు.

రిమెంబర్ శక్తి వింటే ఆ తేడా ఇబ్బంది పెట్టేంత స్పష్టంగా తెలుస్తుంది. అక్కడ సగం తెలిసినవాడు ఒక్కడూ లేడు. ప్రతివాడికీ తన ఇంటి వ్యాకరణం పూర్తిగా వచ్చు. అందుకే పక్కింటి భాష మాట్లాడినా యాస దొంగిలించినట్టు ఉండదు.

ఇది నాకు సంగీతం కన్నా భాష విషయంలో ఎక్కువ తగిలింది. నేను చదివిందంతా ఇంగ్లీష్ మీడియం. ఈ వ్యాసంలోనే చూడండి, ప్రతి మూడో వాక్యంలో ఒక ఇంగ్లీష్ మాట దూరింది. కలపడం తప్పని నేను అనుకోవట్లేదు, మన ఇళ్లలో మాట్లాడేది ఇదే. కానీ తెలుగు మాట తెలిసీ ఇంగ్లీష్ మాట ఎంచుకోవడం ఒకటి, తెలియక దాని మీద పడిపోవడం ఇంకొకటి. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. మొదటిది ఫ్యూజన్, రెండోది అప్పు. నేను ఎక్కువసార్లు రెండోది చేస్తున్నానని ఈ క్లబ్బులో చేరాకే తెలిసింది. "ముక్తాయింపు" అన్న మాట కూడా ఈ వ్యాసం కోసమే నేర్చుకున్నాను.

ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పాలి. ఈ బృందం వాయించిందంతా నాకు నచ్చలేదు. కొన్నిచోట్ల వేగం కోసం వేగం ఉంటుంది. గిటార్, మాండలిన్ ఒకదాన్నొకటి తరుముతుంటే చప్పట్లు వస్తాయి, కానీ మర్నాటికి ఏమీ గుర్తుండదు. నాకు గుర్తుండేది నెమ్మదిగా సాగే చోట్లు. అక్కడ శ్రీనివాస్ ఒక్క స్వరం మీటి, దాన్ని జార్చి, ఆగుతారు. అది మాండలిన్ అన్న సంగతి మర్చిపోతాం. సుబ్బరాజు గారి పాట వింటున్నామేమో అనిపిస్తుంది.

తర్వాత

2014 సెప్టెంబర్ 19న చెన్నైలో శ్రీనివాస్ చనిపోయారు. కాలేయ మార్పిడి జరిగింది, అయినా దక్కలేదు. వయసు 45. తొమ్మిదేళ్లకే కచేరీ మొదలుపెట్టిన మనిషి కాబట్టి అప్పటికే వేదిక మీద ముప్పై ఆరేళ్లు గడిపారు. అయినా విద్వాంసుల లెక్కలో 45 అంటే మధ్యాహ్నం. బాలమురళి గారు ఎనభై దాటాక కూడా పాడారు.

మిగతావాళ్లు వయొలిన్ విద్వాంసుడు గణేశ్ రాజగోపాలన్‌ని తీసుకుని, మళ్లీ శక్తి అన్న పాత పేరుతోనే, 2023లో 'దిస్ మూమెంట్' తెచ్చారు. 'నేచురల్ ఎలిమెంట్స్' తర్వాత 46 ఏళ్లకి ఆ పేరుతో వచ్చిన స్టూడియో ఆల్బమ్ అది. 2024లో దానికి గ్రామీ వచ్చింది. అందులో మొదటి ట్రాక్ పేరు 'శ్రీనీస్ డ్రీమ్'. శ్రీని ఎవరో ఇప్పుడు మీకు చెప్పక్కర్లేదు. అదే ఏడాది డిసెంబర్ 15న జాకిర్ హుస్సేన్ కూడా వెళ్లిపోయారు. ఆ ఐదుగురి బృందంలో ఇక ఇద్దరు లేరు.

వినాలనుకునేవాళ్లకి నా సలహా. నేరుగా బృందంతో మొదలుపెట్టకండి. ముందు శ్రీనివాస్ మామూలు కర్ణాటక కచేరీ ఒకటి, ఒక అరగంట, హెడ్‌ఫోన్లో వినండి. ఆ తర్వాత 'ది బిలీవర్'లో 'లోటస్ ఫీట్', చాలా నెమ్మదైన ట్యూన్. దాని తర్వాత 'సాటర్‌డే నైట్ ఇన్ బాంబే'లో 'గిరిరాజ్ సుధ'. అది త్యాగరాజ కీర్తన, బంగాళ రాగం, శంకర్ మహదేవన్ గొంతు. ఒక తొమ్మిదేళ్ల పిల్లాడు త్యాగరాజ ఆరాధనలో మొదలుపెట్టిన దారి జాజ్ వేదిక మీదకి వెళ్లాక కూడా త్యాగరాజు దగ్గరికే వచ్చిందని అక్కడ వినబడుతుంది. చివర్లో 'శ్రీనీస్ డ్రీమ్'.

ఈసారి ఇంటికి వెళ్లేటప్పుడు ఈ నాలుగూ ఫోన్‌లో వేసుకుని రైలెక్కుదామనుకుంటున్నాను. పాలకొల్లు దాకా టైముంటుంది.